పాత కరువులను గుహ రాతిలో చదవడం ఎలా?

అరేబియాను క్రీ.శ. 6వ శతాబ్దంలో ఎండగట్టిన కరువు ఒమన్‌లోని హోతి గుహ స్టాలగ్మైట్‌లో బయటపడింది. యెమెన్‌లో హిమ్యర్ రాజ్యం కూలిన కాలమది. బొర్రా గుహల్లో నేల మీంచి పైకి లేచిన సున్నపు దిమ్మలు చూశారుగా, స్టాలగ్మైట్లంటే అవే.

గాలి ఆడని లోపలి గదిలోంచి, కొవ్వొత్తిలా మొదలూ చివరా ఒకే లావున్నది ఎంచుకోండి. అనుమతి తీసుకోండి. విరిగి పడున్నది దొరికితే నిలబడున్నదాని జోలికి పోవద్దు. వజ్రపు రంపంతో నిలువునా కోసి, పాలిష్ పట్టి, నడిమధ్య గీత వెంట అర మిల్లీమీటరు డ్రిల్ బిట్‌తో పొడి తీయండి. ఆక్సిజన్, కార్బన్ ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) కొలవడానికి చోటుకు 0.1 మి.గ్రా. చాలు.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. చెడగొట్టేది వయసు కట్టే దగ్గరే. యురేనియం నీళ్లలో కరుగుతుంది, థోరియం దాదాపు కరగదు. కాబట్టి కొత్త పొరలో యురేనియమే ఉండాలి, అందులోంచి తర్వాత పుట్టిన థోరియం-230ని బట్టి వయసు లెక్క. కానీ ఎడారి గుహలో దుమ్ము ఊరుకుంటుందా? బంకమట్టి తన థోరియాన్ని మోసుకొచ్చి పొరను లేనిపోని ముసలిదాన్ని చేస్తుంది. గోధుమ చారల్లో బిట్ పెట్టకండి, ఒత్తుగా తేటగా ఉన్న పొరనే పట్టండి. థోరియం-232ని తప్పక కొలవండి, మట్టి వాటా చెప్పేది అదే. చాలామంది మట్టిలోని థోరియానికి భూపటలం సగటు నిష్పత్తి, అంటే పది లక్షల థోరియం-232 పరమాణువులకు 4.4 థోరియం-230, వేసి చేతులు దులుపుకుంటారు. మీ గుహ మట్టి ఆ సగటుకు కట్టుబడి ఉండాలని ఎక్కడుంది? ఒకే పొరలో తేటగా ఉన్నవీ మట్టి పట్టినవీ నాలుగైదు నమూనాలు కొలిచి ఆ గుహ నిష్పత్తినే తేల్చుకోండి. ఖర్చవుతుంది. అయినా ఇదే చేయాలి.

అంతకన్నా పెద్ద గొయ్యి ఇంకోటుంది. కరువు ముదిరితే గుహ పైకప్పు నుంచి కారే చుక్క ఆగిపోతుంది, పొర కట్టదు. అసలు కరువుకు గుర్తుగా మిగిలేది ఒక సన్నటి మురికి గీత, అంతే. దాని మీదుగా వయసుల గీత కలిపేశారో, వందల ఏళ్ల ఖాళీ కాస్తా మెల్లగా పెరిగిన పొరలా కనిపిస్తుంది. గీతకు కిందొకటి, పైనొకటి వయసు తీయాల్సిందే.

వాన తగ్గితే పొరలో బరువైన ఆక్సిజన్-18 పెరుగుతుంది, కానీ అది పెరిగిందని వెంటనే కరువు అనేయకండి. వాన వచ్చే సముద్రం మారినా అది మారుతుంది. ఒమన్‌కు మధ్యధరా వైపు నుంచీ హిందూ మహాసముద్రం నుంచీ వానలు వస్తాయి మరి. దాంతోపాటు కార్బన్-13, మెగ్నీషియం కూడా పెరగాలి: ఎండిన పగుళ్లలో దిగే నీరు దారిలోనే కాల్సైట్‌ను (సున్నపు ఖనిజాన్ని) వదిలేస్తుంది, మెగ్నీషియం నీళ్లలోనే మిగులుతుంది. మూడూ కలిసి పెరిగినా అదే గుహలోంచి రెండో స్టాలగ్మైట్ కోసి చూడందే ఏ తేదీనీ బయట పెట్టకండి.