జాకెట్టు కుదర్లేదన్నప్పుడు

కుట్టు నేర్పేవాళ్ళు వీధికొకరున్నారు. ‘ఇదేం కుట్టడమమ్మా?’ అంటూ వచ్చే కస్టమరు ముందు ఎలా నిలబడాలో మాత్రం ఎవరూ నేర్పరు. నేను తెనాలిలో ఇంటి ముందుగదిలో జాకెట్లు కుడతాను. కొత్తగా మిషను పెట్టుకున్న అమ్మాయిల కోసం నా పద్ధతి రాస్తున్నాను.

కవరు బల్ల మీద విసిరినట్టు పెట్టగానే ముందు మారేది మన ఒళ్ళే. చెవులు వేడెక్కుతాయి, దవడ బిగుసుకుంటుంది, ‘మీ కొలత జాకెట్టే అలా ఉంది’ అనే మాట నోటిదాకా వచ్చేస్తుంది. నిజమైనా సరే, అప్పుడే అనకండి. చేతిలో కత్తెరుంటే కింద పెట్టి, అరచేతులు బల్లకి ఆనించండి. బల్ల చల్లదనం, కాళ్ళ కింద నేల తెలియనివ్వండి. మామూలుగా ఊపిరి పీల్చి, దానికి రెట్టింపు సేపు వదలండి. వదిలే ఊపిరి పొడుగైతే గుండె దడ నెమ్మదిస్తుంది.

మా వీధిలో ఒకావిడ హైదరాబాదులో సాగర్ రోడ్డున ఉన్న విపశ్యన ధ్యాన కేంద్రంలో పదిరోజుల కోర్సు చేసొచ్చింది. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరిని గమనించడమే పనట. శ్రావణమాసంలో మనకి మూడు రోజులెక్కడివి? ఒక్క ఊపిరితో సరిపెట్టుకుందాం.

తర్వాత కస్టమరుతో ‘ఓసారి వేసుకుని చూపించండమ్మా’ అనండి. జాకెట్టుని చేత్తో పట్టుకుని వాదించుకుంటే ఏదీ తేలదు. వేసుకున్నాక చేతులు పైకెత్తమనండి, కూర్చోమనండి. చంకలో పట్టేస్తోందా, భుజం జారుతోందా, ఛాతీ దగ్గర మడిచి కుట్టే టక్కు పక్కకి పోయిందా? ‘దరిద్రంగా ఉంది’ అన్నదాన్ని కొలవలేం. ‘కుడి చంకలో పట్టేస్తోంది’ అన్నదానికి టేపు పెట్టొచ్చు. ఆవిడ మాటల్లో టేపుకి అందేవి మాత్రమే ఆవిడ ముందే పుస్తకంలో రాయండి: కుడి చంక పావంగుళం వదలాలి, చేతి అంచు అరంగుళం బిగించాలి. మీరు రాస్తుంటేనే ఆవిడ గొంతు దిగుతుంది.

పక్క కుట్ల లోపల అంగుళం బట్ట వదిలి ఉంటే సగం గొడవలు అక్కడే తీరతాయి. లైనింగు గుడ్డ తడిపి ఆరేయకుండా కత్తిరించారా, మొదటి ఉతుక్కే పట్టేస్తుంది. ఆ ఫిర్యాదుకి ఊపిరి సరిపోదు, కుట్లు విప్పాల్సిందే.

అలాగని అన్ని తప్పులూ నెత్తినేసుకోకండి. కొలతలిచ్చాక ఒళ్ళు చేసినవాళ్ళుంటారు. ఫోనులో ఏదో ఫొటో చూపించి వెనక మెడ అంత లోతు కావాలని పట్టుబట్టి, తీరా కుట్టాక భుజం జారుతోందనేవాళ్ళుంటారు. వెనక తాళ్ళు పెట్టివ్వండి, దానికి డబ్బూ తీసుకోండి. నెమ్మదిగా విన్నాం కదా అని ఊరికే కుట్టివ్వనక్కర్లేదు. మంచితనానికి పోయి చాలామంది అమ్మాయిలు ఇక్కడే దెబ్బతింటున్నారు. ఇక నలుగురి ముందు ‘నీకసలు పనే రాదు’ అనేవాళ్ళకి, ‘జాకెట్టు సంగతి చెప్పండి, సరిచేస్తాను. ఆ మాట మాత్రం వద్దు’ అనండి. గొంతు పెంచకుండా, ఒక్కసారే.

అసలు తంటా రాత్రి. అన్నం ముందు కూర్చోగానే ఆ మాటలు మళ్ళీ మొదలవుతాయి. తరిమేద్దామని చూస్తే ఇంకా గట్టిగా వినిపిస్తాయి. ‘అదిగో, మళ్ళీ ఆవిడ గొంతు’ అని మనసులో అనుకుని వదిలేయండి. నేనైతే తిన్నాక హుక్కులు కుట్టడానికి కూర్చుంటాను. సూది దిగడం, దారం బట్టలోంచి జారే చిన్న చప్పుడు, ముడి. మధ్యలో మనసు మళ్ళీ ఆవిడ దగ్గరికి పోతుంది. పోయిందని తెలియగానే సూది మొన దగ్గరికి తెచ్చుకుంటాను. కోపం పూర్తిగా పోతుందని చెప్పను గానీ, నిద్ర పడుతుంది.

సరిచేసిన జాకెట్టుని వేసి చూడకుండా మాత్రం పంపకండి. ఇంటికెళ్ళి చూసుకుంటానంటే ‘అయిదు నిమిషాలే అమ్మా’ అని ఆపి, కర్టెను వెనక లైటు వేయండి.