సాంబా బృందంలో లయ గళ్లను చదవడం

బ్రెజిల్ దేశపు సాంబా సంగీతం వాయించే వాద్యబృందంలో కొత్తగా చేరినవారికి ఇచ్చే కాగితంలో చాలాసార్లు స్వరాలేవీ ఉండవు. నిలువుగా వాద్యాల పేర్లు, ఒక్కో పేరుకు ఎదురుగా పదహారు గళ్లు, వాటిలో అక్కడక్కడ ఇంటూ గుర్తులు మాత్రమే ఉంటాయి. మృదంగం జతులు కొద్దిగానైనా పలికినవారికి ఈ కాగితం తొందరగా పట్టుబడుతుంది.

సాంబా రెండు లెక్కల తాళం. ఒక్కో లెక్కకు నాలుగు గళ్లు వస్తాయి కనుక పదహారు గళ్ల వరుసలో రెండు ఆవృత్తాలు ఉంటాయి. ప్రతి నాలుగు గళ్లను ‘త క ది మి’ అని పైకి పలుకుతూ, ప్రతి ‘త’ దగ్గర ఒక అడుగు వేయండి. నోరు, కాలు తడబడకుండా కలిసి నడిచేదాకా కర్ర చేతిలోకి తీసుకోవద్దని నా గట్టి సలహా.

తరువాత గుర్తుల వివరణ చూడాలి. అది బృందానికీ బృందానికీ మారుతుంది. ఒకచోట పెద్ద ఇంటూ గట్టి దెబ్బ, చుక్క మెత్తని దెబ్బ అయితే, మరోచోట అరచేత్తో చర్మాన్ని అదిమి కొట్టే దెబ్బకు వేరే అక్షరం ఉంటుంది.

మీ వాద్యం ఏదైనా ముందుగా సుర్దో అనే పెద్ద మంద్ర డోలు వరుసలనే చదవండి. బ్రెజిల్‌లోని రియో డి జనీరో నగర పద్ధతిలో అన్నిటికన్నా మంద్రంగా మోగే మొదటి సుర్దో రెండో లెక్క మీద, అంటే 5, 13 గళ్లలో పడుతుంది. కొంచెం హెచ్చు శ్రుతి గల రెండో సుర్దో 1, 9 గళ్లలో జవాబిస్తుంది. తాళం ఎత్తుగడ దగ్గరే బరువును వెతికే మన చెవికి ఇది తిరగబడినట్టు తోస్తుంది కాబట్టి ఇక్కడ కొన్ని రోజులు ఆగినా నష్టం లేదు. 1928లో రియోలోని ఎస్తాసియో పేటలో ఏర్పడిన డేషా ఫలార్ బృందానికి చెందిన అల్సెబియాదెస్ బార్సెలోస్, అందరూ బిడే అని పిలిచే ఆయన, ఈ సుర్దోను సాంబాలోకి తెచ్చారని చెబుతారు.

కైషా అనే, అడుగున తీగలు బిగించిన డోలు వరుసలో సాధారణంగా అన్ని గళ్లూ నిండి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా చదవకుండా, కుడి ఎడమ చేతులను మార్చి మార్చి నడిపిస్తూ గట్టి దెబ్బల గుర్తులను మాత్రమే చూడండి.

అసలు పరీక్ష తాంబొరిం దగ్గర వస్తుంది. సుమారు ఆరు అంగుళాల వెడల్పున్న, కర్రతో కొట్టే ఈ చిన్న చర్మవాద్యం తరచుగా వాయించే వరుస ఒకటి ఇలా ఉంటుంది:

త – ది – | త క – మి | – క – మి | – క ది –

మొత్తం తొమ్మిది దెబ్బలు. మొదటి రెండు అడుగుల మీద కర్ర, కాలు కలిసే పడతాయి. మూడో, నాలుగో అడుగుల దగ్గర గడి ఖాళీ. రెండో భాగం చివరి ‘మి’ కొట్టిన వెంటనే కాలు నిశ్శబ్దంలో దిగాలి, ఆ తరువాతే ‘క’ రావాలి. చాలామంది ఆ ఖాళీని మింగేసి ‘క’ను అడుగు మీదికి లాగేస్తారు, దాంతో మిగిలిన వరుసంతా ఒక గడి ముందుకు జరిగిపోతుంది. నాకూ వారాల తరబడి అదే జరిగింది. చివరికి ఖాళీ గళ్ల అక్షరాలను గుసగుసగా, దెబ్బ ఉన్నవాటిని గొంతెత్తి పలకడం మొదలుపెట్టాకే కుదిరింది. రెండో భాగాన్నీ మూడో భాగాన్నీ మాత్రమే విడిగా తీసుకుని, నెమ్మదిగా, ఇరవైసార్లు అలా పలికి చూడండి.

మామూలు వరుసను ఆపి పిలుపు, జవాబుగా వాయించే విరుపులు మధ్యలో వస్తాయి, వాటికి వేరే గళ్లు ఉంటాయి. రెపినిక్ అనే హెచ్చు శ్రుతి డోలు ఇచ్చే పిలుపు ఒక వరుసలో, బృందం జవాబు దాని కింద, ఎన్నిసార్లో అంచున అంకెగా రాస్తారు. అయితే ఎప్పుడు మొదలవుతుందో చెప్పేది నాయకుడి చెయ్యి కనుక అప్పటికి కళ్లు కాగితం మీద ఉండకూడదు.

గళ్లు సమానంగా గీసినా, సాంబాలో ఆ నాలుగు అక్షరాలూ సమానంగా మోగవు. ‘ది’, ‘మి’ గీసిన చోటుకన్నా వెంట్రుకవాసి ముందే పడుతుంటాయి. ఆ వాలును ఏ గుర్తూ చూపలేదు. రియో బృందాలలో దీన్ని తరతరాలుగా విని, పక్కవారిని చూసి నేర్చుకుంటున్నారు. కాబట్టి వరుస కంఠస్థమైన రోజున కాగితం మడిచి, బాగా వాయించే కైషా వాద్యకారుడి పక్కన నిలబడి, ఆ చేతికి మీ ‘మి’ని కలుపుతూ వాయించండి.