తాతగారు హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడారా? ఇలా వెతకండి

ముందు ఇంట్లో ఉన్న పెద్దవాళ్లని కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డ్ చేయండి, ఇది వాయిదా వేయొద్దు. ఊరు, బస్తీ, ముద్దుపేరు, ఎవరి పక్కన ఆడేవారు, అన్నీ అడగండి.

తర్వాత ఉద్యోగం కాగితాలు. అప్పట్లో మన దగ్గర ఆటగాడికి జీతం ఎక్కువగా ఉద్యోగం రూపంలోనే వచ్చేది కాబట్టి, సర్వీస్ బుక్కు, ఫ్యామిలీ పెన్షన్ కాగితం దొరికితే తండ్రి పేరు, పుట్టిన తేదీ, భార్య పేరు ఒకేచోట దొరికినట్టే (వయసు మాత్రం గుడ్డిగా నమ్మకండి, బడిలో చేర్చేటప్పుడు నోటికొచ్చింది రాయించేవారు). నిజాం కాలం కాగితాల్లో ఫస్లీ సంవత్సరం (అప్పటి సర్కారు క్యాలెండర్ లెక్క) ఉంటుంది, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, ఏడాది అటూ ఇటూ కావచ్చు.

పాత పేపర్లు చూడాలంటే 1950 నుంచి 1954 దాకా మొదలెట్టండి, సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ కోచింగ్‌లో సిటీ పోలీస్ వరుసగా ఐదుసార్లు బొంబాయి ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్ గెలిచిన రోజులవి. ఉర్దూ పేపర్లు వదలొద్దు, చదవడం రాకపోతే పాతబస్తీలో తెలిసినవాళ్లని బతిమాలుకోండి. ఒకే మనిషి పేరు మూడు రకాలుగా కనిపిస్తుంది, ఇనిషియల్ ఒక్కటి చూసి మన తాతే అనుకోకండి. క్రైస్తవ కుటుంబమైతే సికింద్రాబాద్ చర్చిల బాప్తిస్మం రిజిస్టర్లు అడగండి.

గ్రూప్ ఫోటో దొరికితే వెనకవైపు కూడా స్కాన్ చేయండి, పేర్లు అక్కడే రాసుంటాయి.