కొత్త ప్రాసెసర్ ఎప్పుడు కొనాలి? ఇంటెల్, ఏఎండీ ఎత్తులు కనిపెట్టడం ఎలా

విండోస్ డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకునేవాళ్లకి ప్రాసెసర్ అమ్మేది దాదాపు ఇద్దరే: ఇంటెల్, ఏఎండీ. ఒకరి ధర ఎప్పుడు దిగుతుందో తెలియాలంటే రెండోవాళ్ల విడుదల తేదీ చూడాలి. కొనేవాళ్లు మాత్రం తమకి నచ్చిన కంపెనీ వార్తలే చదువుతారు.

1. ఇద్దరి తేదీలూ పక్కపక్కన రాసుకోండి

2022 సెప్టెంబర్ 27న ఏఎండీ రైజెన్ 7000 తరం ప్రాసెసర్లు తెచ్చింది. అందులో పెద్దది 7950ఎక్స్, ధర 699 డాలర్లు. అక్టోబర్ 20న ఇంటెల్ 13వ తరం దిగింది. నవంబర్ చివరికల్లా అదే 7950ఎక్స్ అమెరికాలో 600 డాలర్ల లోపు దొరికింది. మధ్యలో చిప్ ఏమీ మారలేదు, పక్కన పోటీ వచ్చిందంతే. కాబట్టి రెండోవాళ్ల విడుదల రెండు నెలల్లోపు ఉందనుకుంటే ఆగండి.

2. పేరు చివరి అక్షరం చూడండి

ముందుగా వచ్చేవి ఎక్కువగా ఖరీదైన రకాలే: ఏఎండీలో ఎక్స్, ఇంటెల్‌లో కె. తొందరపడే వాళ్ల దగ్గర డబ్బు వసూలయ్యాకే చౌక రకాలు బయటికొస్తాయి. రైజెన్ 5 7600ఎక్స్ 299 డాలర్లతో మొదలైతే, మూడున్నర నెలలకి 7600 వచ్చింది, 229కే. మామూలు వాడకంలో ఈ రెండింటి తేడా కనిపెట్టడం కష్టం.

చౌక రకం కచ్చితంగా వస్తుందనీ కాదు, ఎదుటివాడు బలంగా ఉంటేనే వస్తుంది. 2020 నవంబర్‌లో 5600ఎక్స్‌ని ఏఎండీ 299కి పెట్టింది. అంతకుముందు తరం 3600ఎక్స్ 249కే వచ్చింది. అప్పట్లో ఇంటెల్ వెనకబడి ఉంది కాబట్టి తగ్గించాల్సిన అవసరం ఏఎండీకి రాలేదు. 2022 జనవరిలో ఇంటెల్ ఐ5-12400ని 200 డాలర్ల లోపే దింపింది. అప్పుడు కదిలింది ఏఎండీ: ఏప్రిల్‌లో 5600, 199 డాలర్లకి! కొనేవాళ్లు పదిహేడు నెలలు ఎదురుచూశారు. అంతకాలం ఆగమని నేనైతే ఎవరికీ చెప్పను.

3. గేమ్స్ కోసమైతే ఎక్స్3డీ రానివ్వండి

పేరు చివర ఎక్స్3డీ ఉన్న ఏఎండీ రకాల్లో క్యాష్ మెమరీ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) అదనంగా ఉంటుంది, చాలా గేమ్స్‌కి అది బాగా పనికొస్తుంది. రైజెన్ 7000 వచ్చాక 7800ఎక్స్3డీ తేవడానికి ఏఎండీ ఆరు నెలలకు పైగా ఆగింది. తరవాతి తరంలో మాత్రం అలా కాదు. 2024 అక్టోబర్ 24న ఇంటెల్ కోర్ అల్ట్రా 200ఎస్ వస్తే, సరిగ్గా రెండు వారాలకి 9800ఎక్స్3డీ వచ్చేసింది.

4. సాకెట్‌కి ఎంత ఆయుష్షుందో అడగండి

మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటే సాకెట్, అది మారితే బోర్డూ మార్చాలి. ప్రాసెసర్‌లో మిగిల్చిన డబ్బు మదర్‌బోర్డుకి పోతే లాభమేముంది? 2017లో ఇంటెల్ ఐ7-8700కె వచ్చినప్పుడు సాకెట్ పేరు ఎల్‌జీఏ1151 పాతదే, అయినా బోర్డు కొత్తది కావాల్సి వచ్చింది. అదే ఏడాది మొదటి రైజెన్‌తో ఏఎం4 సాకెట్ బోర్డు తీసుకున్న చాలామంది, బయోస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుని 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ దాకా దాన్నే వాడుకోగలిగారు. ఇప్పటి ఏఎం5కి 2027 వరకూ, ఆపైనా సపోర్ట్ ఉంటుందని ఏఎండీ మాటిచ్చింది. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్‌కి మూడు తరాల చిప్‌లు పడతాయి, కానీ కోర్ అల్ట్రా 200ఎస్ పట్టదు.

5. కంపెనీ గ్రాఫులు పక్కన పెట్టండి

తమకి అనుకూలమైన గేమ్‌లే అందులో పెడతారు. స్వతంత్ర రివ్యూలు అమ్మకాలకి ఒకటి రెండు రోజుల ముందో, అదే రోజో వస్తాయి. అవి చదవకుండా ప్రీ-ఆర్డర్ ఎందుకు? ఇంటెల్ 13, 14 తరాల్లో కొన్ని చిప్‌లు వోల్టేజ్ సమస్యతో క్రాష్ అవుతున్నట్టు 2024లో తేలింది. ఇంటెల్ వారంటీని రెండేళ్లు పెంచింది. ఆ తరాల సెకండ్ హ్యాండ్ చిప్ కొంటే వారంటీ ఉందో లేదో చూసుకుని, ముందు బయోస్ అప్‌డేట్ చేయండి.

6. షాపులో మొత్తం లెక్క అడగండి

డాలర్ ధరని రూపాయల్లోకి మార్చి సరిపెట్టుకోకండి, అమెరికా ధరలో పన్ను కలవదు, ఇక్కడ 18 శాతం జీఎస్టీ ఉంటుంది. కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కలిపి కాంబో ధర అడగండి. విడివిడిగా ఎంతో రాయించుకుని నాలుగు షాపులు తిరగండి. ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా అది కొంటే, ఇంటికెళ్లాక మానిటర్ పాడైందని తిట్టుకుంటూ కూర్చోవాలి.

పాత కంప్యూటర్ పూర్తిగా ఆగిపోయి పని నిలిచిపోతే మాత్రం ఈ తేదీల గొడవేదీ పట్టించుకోకండి. కిందటి తరంలో మధ్య రకం చిప్ తీసుకుని వచ్చేయండి.