పళ్లెంలో రాగి చెట్టు పెంచడం

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణంలో కరెంటు పంపితే రాగి కొమ్మలు కొమ్మలుగా చెట్టులా పేరుకుంటుంది. ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి ఎరువుల దుకాణాల్లో మైలుతుత్తం అడగండి. నీలం పలుకులే తీసుకోవాలి. తెల్లబారిన పొడిలో నీరు పోయి ఉంటుంది, తూకం లెక్క తప్పుతుంది. 1.25 గ్రాములు చాలు. అంత చిన్న తూకానికి కంసాలి త్రాసే నమ్మకం. ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్ 100 మిల్లీలీటర్లలో కరిగించండి. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లలో మడ్డి కడుతుంది. ఇది విషం, వంటింటి గిన్నెలు వద్దు. అల్యూమినియం పళ్లెం అసలే వద్దు: రాగి దానిమీద పేరుకుంటూ పళ్లేన్ని తినేస్తుంది.

సుమారు 10 సెంటీమీటర్ల గాజు పళ్లెంలో ఫిల్టర్ పేపర్ పరిచి ద్రావణంతో తడపండి. కాగితం మెరవాలి, పైన నీరు నిలవకూడదు. నిలిస్తే ద్రావణంలో ప్రవాహాలు పుట్టి కొమ్మలు చెదిరిపోతాయి. తొడుగు ఒలిచిన వైరింగ్ రాగి తీగను అంచు చుట్టూ కాగితానికి ఆనేలా పెట్టండి. నడిమధ్యన సన్నని రాగి తీగ మొన ఆనించండి. అక్కడ ఇనుప మేకు పెడితే కరెంటు లేకుండానే రాగి పట్టేస్తుంది. మూడు పెన్సిల్ సెల్స్ వరుసగా కలిపితే 4.5 వోల్టులు. మైనస్ మధ్య తీగకు, ప్లస్ అంచు తీగకు. తిరగేశారా, మధ్య తీగే కరిగిపోతుంది.

ఇక కదపకండి. రాగి అయాన్లు (ద్రావణంలోని విద్యుదావేశమున్న రాగి రేణువులు) దిక్కూ దారీ లేకుండా తిరుగుతూ, తగిలినచోట అతుక్కుంటాయి. ముందుకు పొడుచుకొచ్చిన కొసకే అవి ముందు తగులుతాయి. కొమ్మల మధ్య లోయల్లోకి చేరేవి తక్కువ. అందుకే కొస ఇంకా సాగుతుంది, లోయ ఖాళీగానే మిగులుతుంది. భౌతిక శాస్త్రవేత్తలు విట్టెన్, సాండర్ 1981లో ఈ పెరుగుదలనే కంప్యూటర్‌లో చూపించారు. ఆ నమూనాలో చెట్టు వ్యాసార్థం రెట్టింపైతే, ఖాళీల్లేని నిండు బిళ్లలోలా రేణువులు నాలుగింతలు కావు, సుమారు 3.3 రెట్లే అవుతాయి. పళ్లెంలో విద్యుత్ కూడా అయాన్లను లాగుతుంది కాబట్టి లెక్క అచ్చంగా అంతే రావాలని పట్టుబట్టకండి. రాతి పొరల్లో శిలాజాలనుకునే నల్లని ఫెర్న్ ఆకులూ చాలావరకు మాంగనీస్ ఆక్సైడ్ ఇలా కొమ్మలు వేసినవే.

వోల్టేజి బాగా పెంచితే బుడగలొచ్చి కొమ్మలు నల్లని పొడిగా రాలతాయి. మే నెల ఎండలకు కాగితం ఆరి ఎదుగుదల ఆగిపోతుంది. పైన గాజు మూత వేయండి. కొమ్మ అంచు తీగకు సెంటీమీటరు దూరానికి రాగానే సెల్స్ తీసేయాలి, తగిలితే షార్టై వేడెక్కుతాయి. మిగిలిన ద్రావణాన్ని చెరువులో పారబోయొద్దు, చేపలు చస్తాయి.