రాయగడలో ఉండి ఏపీ కాలిక్యులస్‌కి సొంతంగా చదవాలంటే

అమెరికా కాలేజీలకి వెళ్లాలని అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ), అంటే కాలేజీ స్థాయి పాఠాల మీద పెట్టే పరీక్ష, రాయాలనుకునే పిల్లలు ఒడిశాలోని మా రాయగడలో కూడా ఉన్నారు. దానికి కోచింగ్ మాత్రం ఇక్కడ లేదు. నేను ఇంట్లో లెక్కల ట్యూషన్ చెబుతాను. మా అన్నయ్య కూతురు సీబీఎస్ఈ పదకొండో తరగతిలో ఉండగా నా దగ్గర కూర్చునే కాలిక్యులస్‌కి చదివింది. మన పిల్లలకి లెక్క చేయడం వచ్చు. ఈ పరీక్ష కోసం కొత్తగా అలవాటు చేసుకోవాల్సింది కారణం రాయడం.

ముందు ఏ ఏడాది రాయాలో తేల్చుకోండి. పరీక్షలు మే మొదటి రెండు వారాల్లో జరుగుతాయి, స్కోర్లు జూలైలో వస్తాయి. అమెరికా కాలేజీల అప్లికేషన్లు చాలావరకు నవంబరు నుంచి జనవరి లోపే పంపేయాలి. పన్నెండో తరగతి చివర రాసిన స్కోరు అప్లికేషన్‌లో పెట్టడానికి అందదు, చేరాక క్రెడిట్‌కే, అంటే ఆ కోర్సు చదివేసినట్టు కాలేజీ లెక్కేసుకోవడానికే పనికొస్తుంది. అడ్మిషన్‌కి ఉపయోగపడాలంటే పదకొండు చివర రాయాలి. అంటే పన్నెండో తరగతి ఎన్సీఈఆర్టీలో 5 నుంచి 9 దాకా ఉన్న పాఠాలు ఏడాది ముందే చదవాలి. లెక్కలంటే ఇష్టమున్న పిల్లలకి ఇది భారం కాదు. ఇష్టం లేని పిల్లల్ని మాత్రం దయచేసి ఇందులోకి తొయ్యకండి.

పరీక్షకి మనంతట మనం కట్టుకోవడానికి ఉండదు. ఈ పరీక్ష నడిపే స్కూలు ఏదైనా బయటి విద్యార్థిని ఒప్పుకోవాలి. అక్కడి ఏపీ కోఆర్డినేటర్ ఇచ్చే జాయిన్ కోడ్‌తోనే మన పేరు ఎక్కుతుంది. ఆగస్టులోనే ఈమెయిల్ పెట్టండి. ఎవరెవరికి ఏ పరీక్ష కావాలో స్కూళ్లు నవంబరులో ఆర్డర్ పెట్టేస్తాయి. ఫీజు వంద డాలర్లు దాటుతుంది, దాని మీద సెంటర్ తన ఖర్చు కలపవచ్చు. ఆ మాట ముందే అడిగి తెలుసుకోండి.

ఇక సిలబస్. ఈ పరీక్ష పెట్టే సంస్థ కాలేజ్ బోర్డ్ వెబ్‌సైట్‌లో కోర్స్ అండ్ ఎగ్జామ్ డిస్క్రిప్షన్ అనే పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని, ఎన్సీఈఆర్టీ విషయసూచికని పక్కపక్కన పెట్టుకుని టిక్కులు పెట్టండి. కాలిక్యులస్‌లో ఏబీ అని, అంతకంటే ఎక్కువ పాఠాలున్న బీసీ అని రెండు పరీక్షలున్నాయి. ఏబీ స్థాయిలో డెరివేటివ్స్, ఇంటిగ్రల్స్ చాలావరకు మన పుస్తకంలోనే ఉన్నాయి. లేనివి రీమాన్ సమ్స్, స్లోప్ ఫీల్డ్స్, లోపిటాల్ రూల్, మీన్ వాల్యూ థీరమ్, ఘనపరిమాణం లెక్కలు. వీటికి ఖాన్ అకాడమీ వీడియోలు సరిపోతాయి. ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ ఏబీలో అడగరు, బీసీలో అడుగుతారు. మన పిల్లలకి అది ఎలాగూ వస్తుంది కాబట్టి బీసీ వైపు మనసు లాగుతుంది. కానీ అక్కడ పరీక్షలో సిరీస్ అనే పదో యూనిట్ ఒక్కటే 17–18 శాతం ఉంటుంది. సిరీస్ మొత్తం ఒక విలువకి చేరుతుందో లేదో చూసే కన్వర్జెన్స్ టెస్టులు మన పుస్తకంలో లేవు. పదకొండులోనే రాసేవాళ్లకి ఏబీ చాలని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు కష్టమైన చోటుకి వద్దాం. ఏబీలో 45 బిట్లు, 6 పెద్ద ప్రశ్నలు ఉంటాయి. రెండు భాగాలకీ సగం సగం వెయిటేజీ. పెద్ద ప్రశ్న ఒక్కోదానికి 9 పాయింట్లు, సుమారు పావుగంట టైమ్. వెలాసిటీ పాజిటివ్, యాక్సిలరేషన్ నెగటివ్ అనుకోండి. ‘స్పీడ్ తగ్గుతోంది’ అని మాత్రమే రాస్తే పాయింట్ రాదు. రెండింటి గుర్తులూ వేరు కాబట్టి తగ్గుతోందని రాయాలి. మీన్ వాల్యూ థీరమ్ వాడితే ఫంక్షన్ కంటిన్యువస్ అని, డిఫరెన్షియబుల్ అని ముందు చెప్పాలి. ప్లస్, మైనస్ గుర్తులతో సైన్ చార్ట్ గీసి వదిలేస్తే అది కారణం కింద లెక్కకి రాదు.

మా ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో ఒడియా. పిల్ల ఏ జవాబు చెప్పినా ‘ఎందుకమ్మా?’ అని అడిగేదాన్ని. ‘ఎందుకంటే అత్తా...’ అని తెలుగులో పూర్తిగా చెప్పాకే ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాయనిచ్చేదాన్ని. నోటితో చెప్పలేని కారణం కాగితం మీదకి రాదని నా గట్టి నమ్మకం. మీ ఇంట్లో లెక్కలు తెలిసినవాళ్లు లేకపోయినా ఫరవాలేదు. అమ్మకో నాన్నకో చెప్పండి, వినేవాళ్లు ‘ఎందుకు’ అని అడిగితే చాలు.

పాత పెద్ద ప్రశ్నలు, వాటికి పాయింట్లు ఎలా వేశారో చూపే స్కోరింగ్ గైడ్‌లైన్స్, నిజంగా పిల్లలు రాసిన జవాబుల నమూనాలు అన్నీ కాలేజ్ బోర్డ్ సైట్‌లో ఉచితం. జెరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకోండి. టైమ్ పెట్టుకుని రాసి, మర్నాడు పొద్దున ఎర్ర పెన్నుతో మీరే దిద్దుకోండి. మనసులో ఉన్నదానికి కాదు, కాగితం మీద ఉన్నదానికే పాయింట్ వేయండి. స్కోరు 1 నుంచి 5 దాకా ఇస్తారు; పై స్కోరు 5 రావడానికి నూటికి నూరు అక్కర్లేదు, అందుకని ఒక ప్రశ్న పోయిందని టెన్షన్ పడొద్దు. తప్పు జవాబుకి మైనస్ మార్కులు కూడా లేవు, ఏ బిట్టూ ఖాళీగా వదలకండి.

సీబీఎస్ఈ పిల్లలకి కాలిక్యులేటర్ అలవాటు ఉండదు. ఇక్కడ కొన్ని భాగాల్లో అది లేకపోతే పని జరగదు. గ్రాఫ్ గీయడం, సున్నాలు కనుక్కోవడం, ఒక బిందువు దగ్గర డెరివేటివ్, డెఫినిట్ ఇంటిగ్రల్ విలువ, ఈ నాలుగూ డెస్మోస్ అనే గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌లో వేళ్లకి రావాలి. ముందు ఇంటిగ్రల్ రాసి, తర్వాత జవాబు మూడు దశాంశాల దాకా రాయాలి.

ఫిజిక్స్ కూడా రాయాలనుకుంటే, ఏపీ ఫిజిక్స్‌లో ‘సీ మెకానిక్స్’ అనే పరీక్ష మన పదకొండో తరగతికి దగ్గర. ప్రయోగం మీరే రూపొందించమనే ప్రశ్న ఒకటి వస్తుంది, దాన్ని విడిగా సాధన చేయండి.

పరీక్ష కాలేజ్ బోర్డ్ వాళ్ల బ్లూబుక్ అనే యాప్‌లో ఉంటుంది, అది ఫోన్‌లో పనిచేయదు. ప్రశ్నలు తెర మీద, పెద్ద జవాబులు చేత్తో కాగితం మీద. ల్యాప్‌టాప్ మీరే తెచ్చుకోవాలా అని సెంటర్‌ని ముందే అడగండి. తెచ్చుకోమంటే ఇంట్లోనే యాప్ ఎక్కించి నమూనా పరీక్ష రాసి చూడండి. మా ఊరి నుంచి సెంటర్‌కి రాత్రంతా రైలు ప్రయాణం. అలాంటి దూరమైతే పరీక్షకి ముందు రోజే అక్కడికి చేరి, పిల్లని నిద్రపోనివ్వండి.