పిల్లల చేత గొడవ లేకుండా వీడియో గేమ్ ఆపించడం ఎలా?

ముందు సెట్టింగ్స్ సంగతి. పిల్లల వాడకానికి హద్దు పెట్టేవి ఇవి: ఆండ్రాయిడ్‌లో ఫ్యామిలీ లింక్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్, కన్సోల్‌లో (టీవీకి పెట్టి ఆడే గేమ్ పెట్టె) పేరెంటల్ కంట్రోల్స్. పిన్‌గా పుట్టినరోజు తేదీ పెట్టకండి, పిల్లలు మొదట నొక్కి చూసేది అదే. గేమ్‌లో ఏది కొనాలన్నా పాస్‌వర్డ్ అడిగేలా చేయండి. ఆట హాల్లోనే, హోంవర్క్ అయ్యాకే. దీని మీద బేరాల్లేవు. ఇదంతా అరగంట పని.

అసలు తంటా ఆపించే దగ్గరే. వంటింట్లోంచి "ఇక చాలు, కట్టెయ్" అని అరుస్తారు. పిల్లాడు "ఒక్క నిమిషం" అంటాడు. మూడోసారికి మీరు ప్లగ్ పీకేస్తారు, ఇల్లు యుద్ధరంగం అవుతుంది. ఆన్‌లైన్ మ్యాచ్‌కి పాజ్ ఉండదని చాలామంది పెద్దలకు తెలియదు. మధ్యలో వెళ్లిపోతే జట్టు ఇబ్బందిలో పడుతుంది. చాలా గేముల్లో ర్యాంకు తగ్గుతుంది, కాసేపు కొత్త మ్యాచ్‌లోకి రానివ్వరు కూడా. వాడిది అన్నిసార్లూ మొండితనం కాదు.

అందుకే నిమిషాల్లో కాదు, మ్యాచ్‌ల్లో లెక్కపెట్టండి. ఒక మ్యాచ్ ఎంతసేపు పడుతుందో పక్కన కూర్చుని చూడండి. బ్యాటిల్ రాయల్ గేముల్లో (ఒక్కరో, ఒక్క జట్టో మిగిలేదాకా సాగేవి) చివరిదాకా నిలిస్తే 20, 30 నిమిషాలు పట్టొచ్చు. "ఈ రోజు రెండు" అని మొదలుపెట్టకముందే ఒప్పందం కుదరాలి. మైన్‌క్రాఫ్ట్‌లో ఒంటరిగా ఆడుతుంటే మాత్రం ఎప్పుడు బయటికొచ్చినా దానంతటదే సేవ్ అవుతుంది. అక్కడ "ఒక్క నిమిషం" చెల్లదు.

ఆఖరి మ్యాచ్ మొదలవగానే దగ్గరికి వెళ్లండి. దూరం నుంచి పిలిస్తే హెడ్‌ఫోన్స్‌లో ఏమీ వినపడదు. "ఇది ఎన్నోది?" అని అడగండి. "ఆఖరిది" అన్న మాట వాడి నోటి నుంచే రావాలి. మ్యాచ్ అయ్యేసరికి మళ్లీ అక్కడ ఉండండి. ఫలితం కనపడే తెరమీదే "మళ్లీ ఆడు" బటన్ ఉంటుంది, వాడి బొటనవేలు అప్పటికే దాని మీదకి వెళ్తుంటుంది. ఆ పది సెకన్లే మీ పని. ఓడిపోయిన రోజు మరీ జాగ్రత్త, "ఇంకొక్కటి" అనేది అప్పుడే. ఇవ్వకండి. క్లాసు కూడా పీకకండి, "ఎలా ఓడారు?" అని అడిగి లేపండి.

టైమ్ అవగానే ఫోన్‌ను లాక్ చేసే యాప్‌కే అంతా వదిలేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మ్యాచ్ మధ్యలో తెర ఆగిపోతే పిల్లాడు నేర్చుకునేది మీ పిన్ కనిపెట్టడమే. లాక్ పెట్టండి, కానీ మీ గడువుకి పావుగంట తర్వాతకి పెట్టండి. ఇంకొకటి, "మార్కులొస్తే అదనంగా గంట" అనే లంచం వద్దు. అప్పుడు చదువు పనిష్మెంట్, ఆట బహుమతి అయిపోతాయి.

ఎక్కువసేపు ఆడినంత మాత్రాన జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో ఉన్న జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చింది. ఆట మీద అదుపు తప్పడం, మిగతావన్నీ వెనక్కిపోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇవి సాధారణంగా ఏడాది పాటు ఉంటేనే ఆ పేరు పెడతారు. చదువు, నిద్ర, స్నేహాలు బాగా దెబ్బతింటుంటే మాత్రం ఏడాది ఆగక్కర్లేదు. మ్యాచ్‌ల లెక్క పక్కనపెట్టి, పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.